గరుకు ఓర్వని చేతులు

పోయిన ఆదివారం తూంకుంట షూటింగ్ రేంజిలో కొత్తగా చేరిన ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఏదో బ్యాంకులో పనిచేస్తుందట. "అక్కా, పోటీలకు పనికొచ్చే పిస్తోలు తక్కువ ధరకు ఏది గొనాలె?" అని అడిగింది. నేను గొంతు సవరించుకొని, అన్నీ తెలిసినదానిలా ఒక కంపెనీ పేరు చెప్పబోయాను. నోట్లోంచి మాత్రం "ముందుగాల కండ్లు మూస్కో" అని వచ్చింది.

ఆమె బిత్తరపోయింది. నేను ఆమెకంటే ఎక్కువ బిత్తరపోయాను. ఆ మాట నాది కాదు, కాకాది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆ రోజు ఇల్లు చేరేదాకా నాకు ఆయన తప్ప ఇంకేమీ తోచలేదు.

కాకాకు పేరు లేక కాదు. ఉంది, నాకు తెలుసు కూడా. కానీ రేంజిలో గానీ, ఆయన ఉండే మేడ్చల్ మార్కెట్ సందులో గానీ ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇక్కడా కాకా అనే రాస్తాను. కుత్బుల్లాపూర్‌లో ఒక లేత్ షాపులో నలభై ఏళ్లు ఫిట్టరుగా చేసి మానేసిన మనిషి. బక్కపలచటి ఒళ్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పెంచుకునేవాడు. శంఖం పెంకులా గట్టిగా, పసుపు పచ్చగా ఉండేది. ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు దాని అంచు మీద ఆ గోరు నడిపించేవాడు. "కండ్లు మోసపోతయ్ బిడ్డా, గోరు మోసపోదు" అనేవాడు. ఎక్కడైనా గోరు తట్టుకుందా, ఇక ఆయనకు నిద్రాహారాలుండవు. దాన్ని 'గరుకు' అనేవాడు. లోకంలో ఆయనకు ఉన్న శత్రువు అదొక్కటే.

నాకు ఆయన పరిచయమైంది నా బస్సులోనే. నేను మేడ్చల్ డిపోలో కండక్టరుని, మేడ్చల్ నుంచి షామీర్‌పేట బండి. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేశాక బండి ఎంత కిక్కిరిసి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఒడిలో రేకు డబ్బా పెట్టుకొని వెనక సీటులో మూలకు కూర్చున్నాడు.

"ఒక షామీర్‌పేట గొట్టు బిడ్డా" అన్నాడు.

నా టికెట్ మిషను మూత వదులై చాలా రోజులైంది. రబ్బరు బ్యాండు చుట్టి నడిపిస్తున్నాను. నేను టికెట్ చింపి ఇచ్చేలోగా ఆ మిషను నా చేతిలోంచి ఆయన చేతిలోకి ఎలా పోయిందో నాకు తెలియలేదు. చూసేసరికి రబ్బరు బ్యాండు ఊడదీసి, మరను గోరుతో తిప్పుతున్నాడు.

"ఓ పెద్దమనిషీ! గది గవర్నమెంటు మిషిను, ముట్టొద్దు" అని అరిచాను.

"గవర్నమెంటుదైతే లూజుండాల్నా?" అన్నాడు తల ఎత్తకుండానే.

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అంతలో డ్రైవరు గేదె అడ్డం వచ్చిందని బ్రేకు తొక్కాడు. నిలబడ్డ వాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను కడ్డీ పట్టుకోకుండానే నిలబడ్డాను. పన్నెండేళ్ల అలవాటు, అందులో గొప్పేం లేదు. కాకా మాత్రం మిషను తిరిగి ఇస్తూ నా ముఖం చూడలేదు, నా కాళ్లు చూశాడు.

"ఏమన్న ఆట ఆడుతవా బిడ్డా?"

"గీ బస్సు సాలదా ఆటకు?"

"కాళ్లు మంచిగ నాటుకుంటున్నయ్. సుట్టి దొరికిన ఆదివారం తూంకుంటకు రా, ఒకటి సూపిస్త" అని దిగిపోయాడు. మిషను మూత మళ్లీ ఊడలేదు. ఆ మూత కోసమే, కృతజ్ఞత చెప్పి వద్దామని వెళ్లాను. వెళ్లినదాన్ని వెనక్కి రాలేదు.

మా ఆట గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మా అత్తమ్మలాగే మీరు కూడా నేను దొంగల ముఠాలో చేరాననుకుంటారు. టీవీలో చూపించేది ఒక్కచోట నిలబడి గురి చూసి కొట్టే ఆట. మాది ప్రాక్టికల్ షూటింగ్. బీప్ అని టైమరు మోగగానే నడుముకున్న ఒరలోంచి పిస్తోలు తీయాలి, పరిగెత్తాలి, అడ్డుగోడ పక్కనుంచి తొంగి కొట్టాలి, మళ్లీ పరిగెత్తాలి. రేకు ప్లేట్లు టంగుమంటూ వెనక్కి పడాలి. ఎన్ని పడ్డాయి, ఎన్ని సెకన్లలో పడ్డాయి అన్నదే లెక్క. అసలు తుపాకులకు లైసెన్సులూ గీసెన్సులూ కావాలి కాబట్టి మా దగ్గర అన్నీ గ్యాస్‌తో నడిచే గాలి పిస్తోళ్లే. జొన్నగింజలంత గోలీలు. అయినా కంటికి అద్దాలు లేనిదే కాకా ఎవరినీ గీత దాటనిచ్చేవాడు కాదు. ఆయన ఎడమ కన్ను లేత్ షాపులో ఎగిరిన ఇనుప రజను తగిలి మసకబారింది. "నాకు ఒకటి పోయింది, సాలదా" అనేవాడు.

రేంజి సంగతి ఇంకా విచిత్రం. పటేల్ ఒకాయన తన పొలంలో వెంచరు వేశాడు. ప్లాట్లు కదల్లేదు. ఆయనకు చిన్నప్పటి నుంచి షూటింగ్ పిచ్చి. అమ్ముడుపోని ప్లాట్లలోనే మట్టికట్ట పోయించి రేంజి చేశాడు. నంబర్లు వేసిన రాళ్లు అలాగే ఉన్నాయి. అందుకే మా దగ్గర "ముప్పై రెండో ప్లాటుల మొదలువెట్టి ముప్పై ఆరుకు ఉరుకు" అని చెబుతారు. కొట్టేది తూర్పు వైపు. మా రేంజికి వాస్తు కూడా పక్కా అని పటేల్ నవ్వుతాడు. ప్లేట్లు, వాటి స్ప్రింగులు, పిస్తోళ్ల మరమ్మతు అన్నీ కాకావే. ఆయన తీసుకునేది చాయ్ ఒక్కటే. ఆ చాయ్ కూడా బల్ల ఊగకుండా కాలు కింద అట్టముక్క పెట్టాకే తాగేవాడు.

మొదటి రోజే ఎవరిదో పిస్తోలుతో ఆరు ప్లేట్లలో నాలుగు కొట్టాను. నాలుగో ప్లేటు పడ్డప్పుడు వచ్చిన ఆ టంగు శబ్దం నా కడుపులో మోగింది. ముప్పై నాలుగేళ్లు వచ్చాక నాకూ ఒక ఆట దొరికిందని ఆ సాయంత్రం మా ఆయన ముందు ఎగిరి గంతులేశాను. ఆరు నెలల్లో సొంత పిస్తోలు కొనేంత కూడబెట్టాను. ఒక్కటి కొనడానికే ఉన్నాయి. తప్పుడుది కొంటే ఇంకొకటి కొనే ముఖం నాకు లేదు.

ఏది కొనాలో చూపిస్తానని పటేల్ ఒక ఆదివారం బల్ల మీద మూడు పిస్తోళ్లు పరిచాడు. మొదటిది తళతళలాడే వెండిరంగుది, బరువైనది, చేతిలోకి తీసుకుంటేనే మనిషికి పొగరు వచ్చేట్టుంది. రెండోది ఎవరో వాడి అమ్ముతున్నది, దాని మీద అద్దం, దీపం, ఇంకా ఏవేవో తగిలించి ఉన్నాయి. మూడోది మామూలు నల్లది. ప్లాస్టిక్ పిడి, ఏ సోకూ లేదు. పెట్టెలోంచి తీస్తే ఇంట్లో వాడే డ్రిల్లు మిషనులా ఉంది. నా చెయ్యి నేరుగా వెండిరంగు దాని మీదికి పోయింది.

"గిదే కాకా! ఎట్ల మెరుస్తాందో సూడు" అన్నాను.

"మెరుస్తది. పెండ్లికి పోతున్నవా?"

"కాదు గానీ..."

"సోకుకు కొంటె అద్దంల సూస్కో బిడ్డా, ఆటకు కొంటె కండ్లు మూస్కో."

అది ఖాళీదని తాను రెండుసార్లు చూసి, నాతో రెండుసార్లు చూపించాడు. మట్టికట్ట వైపు తిప్పి నిలబెట్టాడు.

"ఇగ కండ్లు మూస్కో. ఎదురుంగ ప్లేటున్నదని మనసుల అనుకో. పిస్తోలు లేపు. నీకు ఎట్ల సక్కగనిపిస్తే అట్లనే లేపు. లేపినవా? ఇప్పుడు కండ్లు తెరువు. కదిలియ్యకు! ఏం కనవడతాంది?"

పిస్తోలుకు వెనక ఒక గాడి, ముందు ఒక మొన ఉంటాయి. ఆ గాడి మధ్యలో మొన నిలబడితే గురి కుదిరినట్టు. నేను కళ్లు తెరిచేసరికి మొన ఎక్కడో కిందికి పోయింది, గాడి మాత్రమే కనిపిస్తోంది.

"మొన కనిపిస్తలేదు కాకా."

"కనవడది. దాని పిడి నీ అరసేతిని కిందికి ఒంచుతాంది. బీప్ అన్నంక అర సెకను మొనను దేవులాడుకుంటవ్. ఆ అర సెకన్ల అవతలోడు రెండు ప్లేట్లు పడగొట్టి చాయ్ తాగుతడు."

రెండోదానికి కూడా అదే పరీక్ష. దాని మీది అద్దంలో గురి చూపించే ఎర్రచుక్క ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు మెడ నొప్పి పుట్టింది. మూడోది, ఆ డ్రిల్లు మిషను, కళ్లు మూసుకొని లేపాను. కళ్లు తెరిచాను. గాడి మధ్యలో మొన బుద్ధిగా నిలబడి నా కోసమే చూస్తోంది. నమ్మలేక మళ్లీ మూశాను, మళ్లీ లేపాను. మళ్లీ అక్కడే. పదిసార్లు చేశాను. పదిసార్లూ అక్కడే. నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా. పటేల్ ఉలిక్కిపడ్డాడు.

"సూసినవా! గదే నీ సుట్టం" అన్నాడు కాకా. ఆయన ముఖం నా ముఖం కంటే ఎక్కువ వెలిగింది.

ఆయన పరీక్షలు అంతటితో అయిపోలేదు. బొటనవేలు కదిలించి, గోలీలు నింపే మ్యాగజైను ఊడదీయమన్నాడు. టికెట్ మిషను నొక్కి నొక్కి నా వేళ్లకు బలముంది, సులువుగానే వచ్చింది. "దీని స్ప్రింగు ఇరిగితే హైదరాబాద్‌ల దొరుకుతదా, లేక జర్మనీ పోవాల్నా?" అని పటేల్‌ను నిలదీశాడు. దీనికి ఇంకో మ్యాగజైను ఉందా, ధర ఎంత, ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడిగాడు. "పిస్తోలు గొన్న దినం కాదు బిడ్డా, రెండో మ్యాగజైను గొన్న దినం ఆట షురూ అయితది" అన్నాడు. వెండిరంగు దానికి నా డబ్బంతా పోయి, గోలీలకు మళ్లీ ఇంకో ఆరు నెలలు ఆగాల్సి వచ్చేది. డ్రిల్లు మిషనుకు రెండు అదనపు మ్యాగజైన్లు, ఒక ఒర, ఏడాదికి సరిపడా గోలీలు వచ్చాయి. కొత్తగా వచ్చేవాళ్లకు నేను ఇవాళ చెప్పేదంతా ఆ ఒక్క పూటలో విన్నదే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఆ పూటే చెప్పాడు. మా పోటీల్లో రెండు తరగతులు. ఒకటి ఓపెన్. అందులో పిస్తోలుకు ఏం తగిలించుకున్నా, ఎలా మార్చుకున్నా అడిగేవాడు లేడు. డబ్బున్నవాళ్ల ఆట. రెండోది స్టాక్. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. లోపలి ముక్కను గీయకూడదు, అరగదీయకూడదు. "నీది స్టాకు. పెట్టెలకెల్లి వచ్చింది వచ్చినట్టే. దీన్ని ఎవ్వల్ని ముట్టనియ్యకు" అని నాకు వేలు చూపించి మరీ చెప్పాడు. ముట్టబోయేది ఎవరో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

పిస్తోలు చూపించడానికి ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. మా గుమ్మం దగ్గరే ఆగిపోయి తలుపును అటూ ఇటూ ఊపాడు. కిర్రుమంది. లోపలికి వచ్చి కూర్చోమని అత్తమ్మ నాలుగుసార్లు పిలిచింది. ఆయన వంటనూనె అడిగి తెచ్చుకొని, బందులకు పోసి, తలుపు నిద్రపోయిన పాపాయిలా నిశ్శబ్దమయ్యాక గానీ కూర్చోలేదు. తర్వాత టిఫిన్ ప్లేటు అంచు మీద గోరు నడిపించాడు. ఆ తర్వాత కుర్చీ కాలు. అత్తమ్మ నా చెవిలో "గీనె సుట్టమా, మెకానిక్కా?" అంది. ఆయన వెళ్లాక "పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ ఏడు మా పోటీలో స్టాక్ తరగతిలో మొదటి నలుగురిలో నిలిచినవాళ్లకు రాష్ట్ర పోటీకి పిలుపు. నాకు అదే లోకమైపోయింది. డిపోలో డ్రైవర్లు, మెకానిక్కులు, క్యాంటీనులో చాయ్ పోసే ఆమె, అందరికీ చెప్పేశాను. "మేడం, మన డిపో పరువు నీ సేతులున్నది" అని ఆటపట్టించేవాళ్లు. పొద్దున డ్యూటీ ఎక్కేముందు మేడ మీద ఖాళీ పిస్తోలుతో వందసార్లు కళ్లు మూసి తెరిచేదాన్ని. ప్రతి సుట్టీకి రేంజిలోనే ఉండేదాన్ని. పోటీకి ముందు వారం నా సమయం స్టాక్ వాళ్లలో రెండో స్థానానికి చేరింది. ఆ శనివారం లోపలి జిడ్డు తుడిచి ఇమ్మని పిస్తోలు కాకాకు ఇచ్చాను.

పోటీ రోజు పొద్దున కాకా పిస్తోలు తెచ్చి నా చేతిలో పెట్టి వెనక్కి తప్పుకున్నాడు. తర్వాత పిస్తోళ్ల తనిఖీ. టోపీ పెట్టుకున్న నిర్ణేత ఒకాయన బల్ల ముందు కూర్చున్నాడు. ట్రిగ్గరుకు ఒక తూకం రాయి తగిలించి పిస్తోలు పైకి లేపుతాడు. ట్రిగ్గరు విడవకుండా రాయి బల్ల మీంచి లేస్తే పాసు. ఎవరైనా ట్రిగ్గరు మరీ తేలిక చేసుకొని ఉంటే రాయి లేవకముందే టక్కుమంటుంది. నా పిస్తోలు లేపాడు. రాయి చక్కగా లేచింది. ఆయన ఆకుపచ్చ స్టిక్కరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగున్రి సారూ" అని వెనకనుంచి గొంతు వచ్చింది. కాకా. గడ్డం గీసుకోలేదు, చొక్కా చేతులు మడవలేదు.

"ఏంది పెద్దాయనా?"

"అండ్ల ఆకురాయి పెట్టిన. నేనే పెట్టిన. ట్రిగ్గరుకూ సుత్తెకూ నడుమ ముక్క ఉంటది సూడున్రి, దాని అంచు."

నిర్ణేత పిస్తోలు వైపు చూశాడు, రాయి వైపు చూశాడు. "బరువు పాసైంది గదా. ఏం తేడా లేదు."

"బరువుకు దెల్వది సారూ. నా గోరుకు దెలుసు."

నిర్ణేత పాపం మంచివాడే. రూలు పుస్తకం రెండుసార్లు తిప్పాడు. చివరికి ఆకుపచ్చ స్టిక్కరు పెట్టెలో వేసి ఎర్రది అంటించాడు. ఓపెన్ తరగతి. అద్దాలు, దీపాలు, మూరెడు మ్యాగజైన్లు ఉన్నవాళ్ల మధ్య నా డ్రిల్లు మిషనుతో నిలబడ్డాను. కోపంతో కొట్టాను. ఎంత బాగా కొట్టానంటే, ఆ రోజు నా సమయం స్టాక్‌లో రెండోది అయ్యేది. ఓపెన్‌లో పదకొండు మందిలో ఏడో స్థానం వచ్చింది. ఏడో స్థానానికి పిలుపు లేదు.

చింతచెట్టు కింద కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఎందుకు ముట్టినవ్ కాకా?"

"తుడుస్తుంటె గోరుకు తట్టింది బిడ్డా. ఇంతే, ఎంటికంత గరుకు. రెండు రుద్దులు రుద్దినంక యాదికొచ్చింది, గిది స్టాకు గదా అని. అప్పటికే అయిపోయింది."

"మరి పొద్దుగాలనే నాకు జెప్తే ఏం పోతుండె?"

"తూకం రాయి పట్టిస్తదనుకున్న. నేను నోరు తెరిసే పని లేకుంట. పట్టియ్యలే, గది గూడ నా దిక్కే అయిపాయె."

"పట్టుకోలే గదా! ఎవ్వలకు దెల్వకపోవు గదా!"

"నీకు దెల్వకుంట నిన్ను దొంగను జేస్తనా బిడ్డా?"

అది సరైన మాట. సరైన మాటే అయినందుకు నాకు ఇంకా మండింది. "నీ సేతులిరుగ" అనేశాను. నేను బస్సులో రోజుకు పదిమందిని తిడతాను, పదిమంది నన్ను తిడతారు, ఏదీ ఇంటిదాకా రాదు. ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నా గొంతులో ఉంది. ఆ చేతులతో బతికిన మనిషిని, ఆ చేతులు విరగాలని తిట్టాను. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

మూడు వారాలు నా బస్సు ఎక్కలేదు. నేను కూడా పౌరుషానికి పోయి అడగలేదు. కానీ ప్రతి ట్రిప్పుకూ మేడ్చల్ స్టాపులో తల బయటపెట్టి చూసేదాన్ని. ఇంకో పోటీ ఉంది, మూడు నెలల తర్వాత, రాష్ట్రానికి పోవడానికి అదే ఆఖరి దారి. అరగదీసిన ముక్కతో దానికి పోలేను. అలాగని ఆ ముక్క మార్చడం నాకు చేతకాదు. వేరెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నాలుగో ఆదివారం పొద్దున తలుపు తట్టారు. కాకా. చేతిలో చిన్న ప్యాకెట్టు. కంపెనీ ముద్ర కూడా చిరగలేదు.

"అసలుది తెప్పిచ్చిన. సీలు ఇప్పలే. నేను ముట్టలే" అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

"మరి ఎవ్వలు బిగిస్తరు?"

"నువ్వే."

వరండాలో చాప పరిచి కూర్చున్నాను. ఆయన ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చొని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. నేను లోపలి ముక్కలను పట్టి ఉంచే సన్నని మేకు తప్పు వైపు నుంచి కొడుతుంటే ఆయన భుజాలు ముందుకు ఊగాయి, చేతులు మాత్రం రాలేదు. అప్పుడు అర్థమైంది. తన చేతుల మీద తానే కూర్చున్నాడు.

"ఎడమకు. ఎడమకు బిడ్డా. గది కాదు, దాని కింద. మెల్లగ... మెల్లగ అంటున్న గదా!"

స్ప్రింగు ఎగిరి అత్తమ్మ ఏరుతున్న బియ్యం చేటలో పడింది. అత్తమ్మ దాన్ని వెతికి తీసి ఇస్తూ, "అన్నా, పొల్ల ఆగమైతాంది, నువ్వే జర బిగించరాదు?" అంది.

"నేను ముడితె గీ సేయి ఊకోదు సెల్లె" అన్నాడు.

రెండు గంటలు పట్టింది. ఆయన అయితే ఐదు నిమిషాల్లో చేసేవాడు. ఆ రెండు గంటలూ ఆయన నుదుటి మీద చెమట కారుతూనే ఉంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. అత్తమ్మే కొంగుతో తుడిచింది. చివరి మేకు కూర్చుంది. ఖాళీ పిస్తోలు గోడ వైపు పెట్టి ట్రిగ్గరు నొక్కాను. మధ్యలో గర్రుమని తట్టుకుంది. అసలు ముక్క, అసలు గరుకు, అదీ మొదటిదానికంటే ఎక్కువ. ఆ శబ్దానికి కాకా ముఖం పంటి కింద రాయి పడ్డట్టు అయింది.

"ఉన్నది" అన్నాడు.

"ఉండనియ్యి కాకా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. "గా దినం నోరు జారిన, మాఫ్ జెయ్యి" అన్నాను. ఆయన తల ఊపి, చేతులు కిందే పెట్టుకొని, చాయ్ పెట్టమన్నాడు.

రెండు నెలలు ఆ గరుకుతోనే కొట్టాను. మొదటి వారం ఏడ్చాను. ప్రతి గోలీ ఎడమకే పోతోంది. మూడో వారం ఒక సంగతి పట్టుకున్నాను. ఆ గరుకు రోజుకో చోట లేదు. ప్రతిసారీ ఒకే చోట తట్టుకుంటుంది. అది తట్టాక వెంట్రుకంత దూరంలో పిస్తోలు పేలుతుంది. అంటే అక్కడిదాకా ఎంత తొందరగా లాగినా ఫరవాలేదు. తట్టగానే మొన చూసుకొని, ఇక వదిలేయడమే. చీకట్లో ఇంటి మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు కాలికి తెలుస్తుంది చూడండి, అలా. మెత్తటి ట్రిగ్గరుకు ఆ గుర్తు లేదు. ఈ సంగతి కాకాకు చెప్పలేదు, పోటీ అయ్యాక చెబుదామని దాచుకున్నాను.

ఆఖరి పోటీకి కాకా రేంజి లోపలికి రాలేదు. "నేను లోపటికొస్తె ఏదో ఒకటి ముడతా" అని గేటు బయట నిలబడ్డాడు. తనిఖీలో అదే టోపీ నిర్ణేత. రాయి లేపాడు, మూత తీసి లోపలి ముక్కను భూతద్దంతో చూశాడు. "ఎవరు బిగించిన్రు?" అన్నాడు. "నేనే సార్" అన్నాను. ఆకుపచ్చ స్టిక్కరు పడింది.

బీప్! ముప్పై రెండో ప్లాటు. గర్రు, టంగు. గర్రు, టంగు. మూడు ప్లేట్లు పడ్డాయి. పరుగు. ముప్పై మూడు, ముప్పై నాలుగు రాళ్లు దాటుతూనే ఖాళీ మ్యాగజైను జారవిడిచి రెండోది ఎక్కించాను. నా కింద నేల కదులుతున్న బస్సులా ఉంది, నా కాళ్లకు అదే కావాలి. అడ్డుగోడ పక్కనుంచి తొంగాను. మొన గాడిలోనే ఉంది. టంగు. టంగు. ఆరో ప్లేటు ముప్పై ఆరో ప్లాటు చివర, సగం గోడ చాటున ఉంది. లాగాను. వేలికి గరుకు తట్టింది. మొన చూశాను. వదిలాను.

టంగు!

మూడో స్థానం. పటేల్ మైకులో చదవడం పూర్తయ్యేలోగానే నేను గేటు వైపు ఉరికాను. కాకా అక్కడే, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకొని నిలబడ్డాడు.

"మూడు, కాకా! మూడోది! రాష్ట్రం పోతున్న!"

ఆయన స్థానం గురించి అడగలేదు. "గరుకు ఉన్నదా ఇంక?" అన్నాడు.

"ఉన్నది. అట్లనే ఉన్నది."

"మరి ఎట్ల గొట్టినవ్?"

"గరుకును బట్టే గొట్టిన కాకా. గది ఏడ తట్టుకుంటదో నా ఏలుకు దెల్సిపోయింది. ఆడిదాక జోరుగ గుంజుడు, ఆడ ఆగి సూసుడు, ఇడుసుడు. గది లేకపోతె ఆరో ప్లేటు నాకు పడకపోవు."

కాకాకు మసకబారిన ఆ ఎడమ కన్ను కూడా చెమ్మగిల్లింది.

"నలబై ఏండ్ల సంది దాన్ని పోగొట్టుడే నేర్సుకున్న బిడ్డా" అన్నాడు. "దానితోని గూడ పనైతదని ఎవ్వలు జెప్పలే."

నేను పిస్తోలు ఖాళీ చేసి చూపించి ఆయన ముందు పట్టుకున్నాను. "ఇగ పోటీ అయిపోయింది. ముట్టు కాకా. ఒక్కసారి గోరు పెట్టి సూడు."

ఆయన మోచెయ్యి కదిలింది. జేబులో పిడికిలి బిగుసుకోవడం గుడ్డ మీంచి కనిపించింది. చెయ్యి బయటికి రాలేదు.

"వద్దు. రాష్ట్రం పోటీ ఉన్నది గదా. గప్పటిదాక గివి బయటికి రావు."

రోడ్డు మీద, కాకా ఇల్లు చేరడానికి ఎక్కే షామీర్‌పేట బస్సు వచ్చి ఆగింది. కాకా మెట్టు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. కడ్డీ పట్టుకోకుండా ఎక్కలేడు, పట్టుకోవడానికి చేతులు తీయడు. ఎక్కే జనం వెనకనుంచి తోస్తున్నారు, కండక్టరు జల్దీ జల్దీ అని అరుస్తున్నాడు. నేను వెళ్లి ఆయన రెండు రెక్కలూ పట్టుకొని, పసిపిల్లాడిని ఎత్తినట్టు ఎత్తి మెట్టు మీద నిలబెట్టాను.